డ్యూటీ డబ్బా ఎవరు చూస్తారు?

కుదుదండ్, బిలాస్‌పూర్
6 జులై 2025

చిన్నతల్లికి, వదిన రాస్తున్నది.

మీ అన్నయ్య మోకాలు, నా బీపీ, పెరట్లో కరివేపాకు మొక్క, మూడూ అదుపులోనే ఉన్నాయి. ఈ ఉత్తరాన్ని మాగాయ జాడీతో పాటు పోలయ్య బాబాయి తెస్తాడు. గార్డుగా రిటైరై ఇన్నేళ్ళయినా ఆయనకి రైలు దిగడం చేతకావడం లేదు. ఇచ్చిన పాసులు అయిపోతే టిక్కెట్టు కొనుక్కుని మరీ మీ పార్వతీపురానికీ మా ఊరికీ మధ్య తిరుగుతున్నాడు. జాడీ మూతిదాకా నింపాను. అందేసరికి మాగాయ ఎంత దిగిందో రాయి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మావాడు సాయిచరణ్ నవ్వుతాడు. వాడికేం తెలుసు? మనం ఫోన్ ఎత్తగానే మీ అన్నయ్య "ఏటే, నా గురించేనా?" అని మధ్యలో దూరతాడు. ఆయన్ని తరిమేసరికి మనిద్దరం పోట్లాటలో పడతాం. అత్తయ్య పెట్టిన పద్ధతే మనకి మంచిది. జాడీ వెళ్తే ఉత్తరం వెళ్ళాలి, జాడీ ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాకూడదు. నువ్వు పుట్టి పెరిగిన ఊళ్ళో నేనూ, నేను పుట్టిన ఊళ్ళో నువ్వూ కాపురాలు పెట్టాక మనకి మిగిలిన చుట్టరికం ఆ జాడీయే.

ఇక అసలు సంగతి. నా "డ్యూటీ డబ్బా" యూట్యూబ్ చానెల్ గురించి నీకు తెలిసిందే అయినా మొదటినుంచీ చెప్తాను, చెప్పకపోతే నా ఉక్రోషం తీరదు. నాలుగేళ్ళ కిందట పక్కింట్లోకి జ్యోతిర్మయి అని కొత్త పెళ్ళికూతురు వచ్చింది. మొగుడు లోకో పైలట్. ఒకరోజు సంచి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. "ఈ ఊళ్ళో గోంగూరే దొరకదా ఆంటీ?" అంది. బుధవారీ బజార్‌లో దాని కాళ్ళ దగ్గరే కుప్పలు పోసి అమ్ముతున్నారు! ఇక్కడ అమారీ భాజీ అంటే గోంగూరేనని ఆ పిల్లకి ఎవరు చెప్పారు గనక? కొత్తలో నాకూ తెలీదు, అత్తయ్య చేయి పట్టుకుని చూపించేదాకా.

ఆ సాయంత్రమే స్టవ్వు పక్కన ఫోన్ నిలబెట్టి వీడియో తీశాను. నా మొహం పడకుండా చేతులూ గిన్నెలూ మాత్రమే. ఇంక ఆగితేనా! ఇక్కడి ఏ ఆకు మన ఏ ఆకో, డ్యూటీకి కాల్ వచ్చాక ఉన్న కాస్త టైములో ఏం వండి డబ్బా కట్టాలో, మే నెల ఎండలో ఇంజన్‌లో అన్నం చెడకుండా ఎలా ఉంచాలో, పాలన్నంలో తోడు వేసి మూత పెడితే గూడ్సు బండి రాయగఢ్ చేరేసరికి పెరుగన్నం ఎలా అవుతుందో, అన్నీ చెప్పాను.

మొన్న సాయిచరణ్ పుణె నుంచి ఫోన్ చేశాడు. "అరే అమ్మా, దీన్ని ఎవులు చూస్తారు? బిలాస్‌పూర్‌లో ఉండాల, తెలుగోళ్ళయి ఉండాల, రైలు నడపాల, మళ్ళీ ఆకలెయ్యాల! ఎంతమంది మిగిలేరు, నువ్వే చెప్పు" అన్నాడు. జ్యోతిర్మయి మొగుడికి నాగపూర్ బదిలీ అయిపోయింది. వాడి లెక్క ప్రకారం మిగిలింది నేనూ నా స్టవ్వూ. దసరాకి వచ్చినప్పుడు పాత వీడియోలన్నీ తీసిపారేసి, దేశమంతా చూసేలా చానెల్‌ని కొత్తగా మొదలుపెడతాడట. ఈలోగా "అందరికీ నచ్చేది" ఒకటి తీసి చూడమన్నాడు.

అందరికీ నచ్చేది ఏమిటే? జ్యోతిర్మయికి ఏం కావాలో నాకు తెలుసు. ఈ అందరూ అనేవాళ్ళు ఎవరో, ఏం తింటారో నాకెలా తెలుస్తుంది? ఏదైనా ఉపాయం చెప్పు.

మాగాయ మట్టం రాయడం మరిచిపోకు.
కనకం

పార్వతీపురం
15 జులై 2025

వదినా,

మాగాయ జాడీ మెడకి దిగింది. పోలయ్య బాబాయి ఈసారి రాయపూర్‌లో కాదు, మా వీధి మొదట్లోనే పని కానిచ్చాడు. మీసం మీద ఆవపిండి పెట్టుకుని "సీలు తియ్యలేదమ్మా" అని ఒట్టేశాడు.

నీ ఉత్తరం చదివి నేను ఎగిరి గంతేశాను. దేశమంతా చూస్తుందంటే మరి టీవీలో వస్తావన్నమాటే కదా! మా ఆయనకి చెప్పాను. నీకు తెలుసుగా మీ అన్నయ్యగారి సంగతి. ఎరువుల కొట్లో యూరియా బస్తా కొన్న ప్రతివాడికీ "మా చెల్లెమ్మ స్టారైపోనాది" అని చెప్పి గాని బస్తా ఎత్తనివ్వడం లేదు. మా వీధి ఆడవాళ్ళు నీకు కట్టడానికి ఏ రంగు బాగుంటుందో తేల్చలేక రెండు పార్టీలయ్యారు. మా స్వాతి పెళ్ళికి కట్టావే, ఆ వంకాయరంగు పట్టుచీర కట్టు. స్టవ్వు దగ్గర కాదు, సదర్ బజార్‌లో నిలబడు. చిన్నప్పుడు నేను గుప్‌చుప్ తిన్న పానీపూరీ బండి ఇంకా ఉందా? అక్కడ తీయించు. ఈ కాలంలో జనానికి తినడం చూపించాలి గాని వండటం కాదు.

పాతవి తీసేస్తే తీసేయనీ, దిగులు పడకు. నేనైతే నీ వీడియో ఒక్కటీ వదలను. పొద్దున్న కాఫీతో ఒకటి, రాత్రి నిద్ర పట్టకపోతే నాలుగు. నాకు అవన్నీ నోటికి వచ్చేశాయి, ఇంకేం కావాలి?

జాడీ నిండా కొండ చింతపండు పెట్టాను. దాన్ని పోలయ్య బాబాయి తినలేడు.

నీ మరదలు
చిన్నతల్లి

కుదుదండ్, బిలాస్‌పూర్
2 ఆగస్టు 2025

చిన్నతల్లికి,

చింతపండు చెక్కుచెదరకుండా వచ్చింది. నీ ఉపాయం మాత్రం నా కొంప ముంచింది.

వంకాయరంగు పట్టుచీర కట్టుకుని సదర్ బజార్‌కి బయలుదేరాను. మీ అన్నయ్య ఫోన్ పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఇంజన్‌లో సిగ్నల్ చూసిన కళ్ళు కదా, నన్నూ అలాగే రెప్ప వేయకుండా చూస్తున్నాడు, బటన్ మాత్రం నొక్కడు. చివరికి నొక్కాడు. నేను గుప్‌చుప్ నోట్లో పెట్టుకుని "దోస్తో!" అన్నాను. సాయిచరణ్ అలా అనమన్నాడు. అంతే, వెనకనుంచి ఒక ఎద్దు వచ్చి నా సంచిలోని అమారీ భాజీ కట్టల్లో మూతి పెట్టింది. సంచితో పాటు పైట కొంగు కూడా లాగింది. నేను అరవలేను, నోటినిండా గుప్‌చుప్. మీ అన్నయ్య సాయానికి రాకుండా "కదలకే, మంచిగా వొస్తన్నాది!" అంటాడు.

సాయిచరణ్ దానికి పాట తగిలించి పెట్టాడు. రెండు రోజుల్లో ముప్పై వేలమంది చూశారట! నేను నేల మీద నడవలేదనుకో. పాలబ్బాయి కూడా నమస్కారం పెట్టాడు. కింద రాసినవన్నీ కూర్చుని చదివాను. అన్నీ ఎద్దు గురించే. ఎద్దు బాగా నటించింది, ఎద్దుకి ఇంకో అవకాశం ఇవ్వండి, ఎద్దుది ఏ ఊరు. మీ అన్నయ్య "ఏటి, ఎద్దుకొచ్చిన పేరు నీకు రాలేదేటి?" అని ఇప్పటికీ నవ్వుతున్నాడు. వారం తిరిగేసరికి ఎద్దునీ అడిగినవాడు లేడు.

నవ్వుకున్నంతసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత సాయిచరణ్ ఫోన్‌లో లెక్కలు చూడటం నేర్పాడు. ఎవరు చూశారో చెప్పదట గాని, ఏది ఎన్నిసార్లు ఎప్పుడు చూశారో చెప్తుంది. పాత వీడియోలకి రోజూ అయిదో ఆరో పడుతున్నాయి. ఒక్క రోజూ మానకుండా! అందులో అమారీ భాజీదే ఎక్కువ. అదీ తెల్లవారుజామున, అర్ధరాత్రి. నా గుండె ఒక్కసారి పొంగింది. అంతలోనే నీ ఉత్తరం గుర్తొచ్చింది. కాఫీతో ఒకటి, నిద్ర పట్టకపోతే నాలుగు. ఒకటీ నాలుగూ అయిదు.

అంటే ఇన్నాళ్ళూ అది నువ్వే. నా చానెల్‌కి నువ్వొక్కదానివే దిక్కు. నోటికి వచ్చేసినవాటిని కూడా నా మొహం చూసి తిప్పుతున్నావు. నీ మనసు మంచిదేనమ్మా, నాకే సిగ్గుగా ఉంది. గోంగూర తినే పార్వతీపురంలో గోంగూర ఎక్కడ దొరుకుతుందో నువ్వు రోజూ తెలుసుకోవడమేమిటి? ఇంక చూడకు. దసరాకి అన్నీ తీసేయమని సాయిచరణ్‌కి చెప్పేశాను.

జాడీ ఇంకా ఎండలో ఉంది. ఉత్తరం మాత్రం ముందు పోలయ్య బాబాయి చేతికి ఇస్తున్నాను.

కనకం

పార్వతీపురం
11 ఆగస్టు 2025

స్టారు వదినకి,

పోలయ్య బాబాయి జాడ లేదు. రాయపూర్‌లో ఏదో శ్రావణమాసం పెళ్ళికి దిగాడట. అందుకని దీన్ని పోస్టులో వేస్తున్నాను.

ఎద్దు వీడియో కొట్లో అందరికీ చూపించాం. మా ఆయన నవ్వి నవ్వి త్రాసు మీద కూర్చుండిపోయారు. నువ్వేం రాశావో నాకింకా అందలేదు గాని, చాలా సంతోషంగా ఉండి ఉంటావు. నీ పాతవాటిని కూడా నేను వదల్లేదు సుమా. సుప్రభాతంలా పొద్దున్నా, పవళింపు సేవలా రాత్రీ చూస్తున్నాను. అమారీ భాజీదైతే ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు!

చిన్నతల్లి

కుదుదండ్, బిలాస్‌పూర్
22 ఆగస్టు 2025

చి. సౌ. చిన్నతల్లికి,

నీ ఉత్తరం అందింది. చూడవద్దని నేను రాసింది నీకింకా అందలేదన్నమాట. ఇన్నాళ్ళూ చూసినందుకు కృతజ్ఞతలు. నా మీద జాలితో నీ నిద్ర చెడగొట్టుకోవద్దు.

పోలయ్య బాబాయి కొడుకు సూర్యం మీ వైపు వస్తున్నాడు. జాడీ పంపుతున్నాను.

ఇట్లు
కనకం

పార్వతీపురం
28 ఆగస్టు 2025

వదినా! వదినా! వదినా!

ఖాళీ జాడీ పంపుతావా? మూత తీసి చేయి పెట్టాను. లోపల ఏమీ లేదు. తలకిందులు చేసి దులిపాను. "చి. సౌ." అట, "ఇట్లు" అట! అమ్మ బతికుంటే ఆ జాడీ మన ఇద్దరి తలల మీదా పగలగొట్టేది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. మా అన్నయ్య ఎత్తి "మీ వదిన మవునంగుందమ్మా, ఇల్లు శాంతంగా ఉన్నాది, కదపకు" అంటాడు.

నీ రెండో తారీఖు ఉత్తరం కూడా ఈరోజే చేరింది. సూర్యం రాయపూర్ స్టేషన్‌లో వాళ్ళ నాన్నని రెక్క పట్టుకుని బండెక్కించాడట. నీ ఉత్తరం ఆయన పెళ్ళిబట్టల జేబులో తాంబూలంతో కలిసి ఉంది. ఇప్పుడు రెండూ వరసగా చదివాను, నువ్వు ఏమనుకున్నావో అర్థమైంది.

ఇప్పుడు నేను చెప్పేది విని, తిట్టాలంటే తిట్టు. వదినా, నేను నీ వీడియో ఒక్కటీ చూడలేదు. ఎద్దుది తప్ప! మొట్టమొదటిది తెరిచాను, ఒక్క మాట విని మూసేశాను. ఎందుకో ఇప్పుడు అడగకు. నువ్వు అడిగినప్పుడల్లా చూశానన్నాను. కాఫీతో ఒకటి లేదు, రాత్రి నాలుగు లేవు. రాత్రి నేను దిండు మీద తల పెడితే పొద్దున్న పాలవాడు తలుపు బాదాలి. నిద్ర పట్టకపోవడం గొప్పవాళ్ళ జబ్బని అలా రాసుకున్నాను.

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? ఆగు, అసలు సంగతి ఆలోచించు. అది నేను కాకపోతే, తెల్లవారుజామున లేచి అమారీ భాజీ చూస్తున్నది ఎవరు? ఎవరో ఉన్నారు వదినా! నీకు తెలియని మనిషి ఎవరో రోజూ నీ స్టవ్వు ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళెవరో తేలేదాకా మా మేనల్లుడి చేతులు కట్టేసి కూర్చోబెట్టు. ఒక్కటి తీశాడో, నేను పార్వతీపురం నుంచి బయలుదేరి వస్తాను, పోలయ్య బాబాయితో కలిసి!

జాడీలో బెల్లం పెట్టాను. ఖాళీ చేసి నింపి పంపు.

అబద్ధాలకోరు మరదలు
చిన్నతల్లి

కుదుదండ్, బిలాస్‌పూర్
5 అక్టోబర్ 2025

ఒసే చిన్నతల్లీ!

నీ ఉత్తరం చదివిన రోజు నిన్ను ఏమేం తిట్టానో కాగితం మీద పెట్టకూడదు. తిట్టడం అయ్యాక ఒక్కదాన్నే కూర్చుని పడీ పడీ నవ్వాను. బెల్లం తింటూ ఆ మనిషి ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను. కుదుదండ్‌లో తెలుగు ఇళ్ళన్నీ తిరిగాను. అందరూ ఎద్దుని చూశామన్నారు. దసరా ముందురోజు సాయిచరణ్ దిగాడు. దిగుతూనే కంప్యూటర్ తెరిచి, "నేను తీసేస్తాను, నువ్వు బజారుకెళ్ళి రా, చూస్తే బాధపడతావు" అన్నాడు. నాకూ ఓపిక అయిపోయింది. సరే అనేసి సంచి పట్టుకుని బుధవారీ బజార్‌కి వెళ్ళిపోయాను.

అక్కడ అమారీ భాజీ కుప్ప ముందు కూర్చున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, చేతులు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి. అలవాటు కొద్దీ లేతా ముదురూ చూడటానికి కాడ విరుస్తూ, మొదటి వీడియోలోలాగే నాలో నేనే "టప్పుమంటే మనకి" అన్నాను.

నా వెనకనుంచి ఎవరో "సాగితే ఆవుకి!" అన్నారు.

వెనక్కి తిరిగితే ఒక ఆడపిల్ల. భుజానికి బ్యాగు, చొక్కా మీద నూనె మరక, నన్ను చూసి నోరు తెరిచేసింది. "అమ్మా, ఇంకోపాలి అనండి" అంది. అన్నాను. "డ్యూటీ డబ్బా అమ్మ మీరేనేటండీ?" అని అందరిముందూ నన్ను వాటేసుకుంది. ఆకులమ్మే ఆవిడ హడలిపోయి త్రాసు ఎత్తేసింది.

ఆ పిల్ల పేరు ప్రణీత. టెక్కలి నుంచి వచ్చింది, అసిస్టెంట్ లోకో పైలట్. అవునే, మన ఇంజన్లలో ఇప్పుడు ఆడపిల్లలున్నారు! స్టేషన్ వెనక ఒకే మేడలో తెలుగు పిల్లలు ఎనిమిదిమంది, కింద ఆడపిల్లలు, పైన మగపిల్లలు, వంట మాత్రం ఒక్కచోట. ఎవరికి ఏ వేళకి కాల్ వస్తుందో తెలీదు కదా, ఎవరు ఇంట్లో ఉంటే వాళ్ళు వండి వెళ్ళేవాళ్ళకి డబ్బా కడతారట. ఒకే ఫోన్ టీవీకి తగిలించి, నన్ను పెట్టుకుని వండుతారట. అందుకే తెల్లవారుజామున! అందుకే అర్ధరాత్రి!

నన్ను వదలకుండా ఆ మేడకి లాక్కెళ్ళింది. వాళ్ళకి ముందున్న బ్యాచ్ వాళ్ళు గది ఖాళీ చేస్తూ కుక్కరూ, పరుపులూ, నా చానెలూ అప్పగించి వెళ్ళారట. వాళ్ళకి వాళ్ళ ముందువాళ్ళు చెప్పారట. నేను జ్యోతిర్మయి ఒక్కదాని కోసం చెప్పిన మాట, నాకు తెలియకుండా ఇన్ని వంటిళ్ళు మారింది! ఇంతమంది చూస్తూ ఒక్కరైనా ఒక్క మాట రాయలేదేమే అని అడిగాను. ప్రణీత తల దించుకుని, "మా అమ్మకి కూడా ఎప్పుడూ థాంక్స్ చెప్పనేదండీ, అన్నం పెడితే తినీసి వెళ్ళిపోడమే" అంది. చిన్నతల్లీ, ముప్పై వేలమంది చూసినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, సాయిచరణ్! ఫోన్ చేస్తే ఎత్తడు. డ్యూటీ లేనివాళ్ళు అయిదుగురు నాతో ఆటోలో ఎక్కారు. ఒకడు డ్రైవర్ పక్కన సగం గాలిలో కూర్చున్నాడు. ఇంటి ముందు దిగి గుమ్మంలోకి పరిగెత్తాం. లోపల నీ మేనల్లుడు, అదే నా సుపుత్రుడు, కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మీ అన్నయ్య మెయిన్ స్విచ్ ఆపేసి, ఫ్యూజు లుంగీలో దోపుకుని అరుగు మీద కాళ్ళు ఊపుతున్నాడు. "కరెంటు లేదట, ఏటి చేస్తాం" అంటాడు. నాలుగేళ్ళూ నన్ను ఎగతాళి చేసిన మనిషేనే ఈయన!

"అమ్మా, సమఝో, ఇది ఎవులు చూస్తారని..." అంటూ సాయిచరణ్ తలెత్తాడు. గుమ్మం నిండా వాళ్ళే. ప్రణీత వాడిని పైనుంచి కిందదాకా చూసి, "మేమండి" అంది.

ఆ పూట అందరికీ గోంగూర పప్పు, అన్నం. సాయిచరణ్ మూడుసార్లు కలుపుకున్నాడు. మర్నాడు పండగపూట కొత్త వీడియో తీశాం. ఇండక్షన్ స్టవ్వు మీద పులిహోర, ఆ పిల్లలు అడిగింది. ఫోన్ పట్టుకున్నది సాయిచరణే. "దోస్తో అనొద్దమ్మా, ఎప్పుట్లాగే చెప్పు" అన్నాడు. పాతవి ఒక్కటీ పోలేదు.

జాడీ నిండా గోంగూర పచ్చడి పెట్టాను. సూర్యం చేత పంపుతున్నాను. వాడు తండ్రిలాంటివాడు కాదు, నువ్వు నమ్మవచ్చు. ఆ మొదటి వీడియో ఎందుకు మూసేశావో మాత్రం నాకు చెప్పాలి.

నీ వదిన
కనకం

పార్వతీపురం
12 అక్టోబర్ 2025

వదినా,

సూర్యం కూడా తండ్రిలాంటివాడే. పచ్చడి సగం జాడీకి దిగింది. రుచి చూశాక వాడిని తిట్టలేకపోయాను.

అడిగావు కాబట్టి చెప్తాను. నువ్వు ఆ వీడియో పెట్టినప్పుడు అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆత్రంగా తెరిచాను. నువ్వు కాడ విరిచి "టప్పుమంటే మనకి" అన్నావు. అది అమ్మ మాట. క్వార్టర్ వంటింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోజూ అనేది. గొంతు నీదే గాని విరుపు అమ్మది. రెండో మాట వినలేకపోయాను వదినా. మూసేశాను. తర్వాత ఎన్నిసార్లు తెరవబోయానో. నాకు మా అమ్మ కావాలి, నువ్వేమో ఆవిడ మాటని ఊళ్ళోవాళ్ళకి పంచేస్తున్నావని నీ మీద కోపం కూడా వచ్చింది.

నీ ఉత్తరం చదివాక ఆ కోపం ఎటు పోయిందో తెలీదు. మా అమ్మ పేరు అప్పయమ్మ అని తెలియని టెక్కలి పిల్ల ఒకతి బిలాస్‌పూర్ బజార్‌లో నిలబడి మా అమ్మ మాట పూర్తి చేసిందట! నేను దాచుకున్నదీ అదే మాట. నా దగ్గర ఉండి ఎవరికి అన్నం పెట్టింది?

ఈరోజు మధ్యాహ్నం మా ఆయన కొట్టు మూసి వచ్చారు. మా వీధి ఆడవాళ్ళు రెండు పార్టీలూ వచ్చారు, నువ్వు టీవీలో వస్తావని ఇంకా ఎదురుచూస్తున్నారు పాపం. నా ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి మొదటిది పెట్టాను. నువ్వు కాడ విరిచావు. నేను మూయలేదు. నువ్వు "టప్పుమంటే మనకి" అన్నావు. నాకంటే ముందు మా ఆయన "సాగితే ఆవుకి" అని అరిచారు. ఆయనకి ఎలా తెలుసంటావా? పెళ్ళైన కొత్తలో అమ్మ ఆయనచేత కూడా ఆకు దూయించిందట. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదు! ఏడుస్తూనే నవ్వాను, నవ్వుతూనే ముక్కు చీదాను, మళ్ళీ మొదటినుంచీ పెట్టమన్నారు, పెట్టాను.

జాడీలో అరిసెలు పెట్టి పంపుతున్నాను, ప్రణీతకీ వాళ్ళకీ పెట్టు.

రేపు పొద్దున్న నీ లెక్కల్లో చూసుకో. అమారీ భాజీకి ఈ మధ్యాహ్నం రెండే పడి ఉంటాయి. రెండేనా అని బెంగ పెట్టుకోకు. ఇక్కడ మేం పదకొండుమందిమి ఉన్నాం వదినా, అమ్మ కాకుండా.

చిన్నతల్లి